మూడు వైద్యాలకూ లొంగని మడమ

మడమ నొప్పికి ఏ వైద్యం మంచిది మేడం అని ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతుంటారు మా పిల్లలు. పిల్లలంటే నా దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు కడపలోనో బెంగుళూరులోనో సొంత క్లినిక్కులు పెట్టుకున్న ఫిజియోథెరపిస్టులు. సూదా, మిషనా, వ్యాయామమా, ఒక్క మాటలో చెప్పండి అంటారు. ముప్పై ఏళ్లు మనుషుల కాళ్లూ నడుములూ పట్టుకుని బతికినదాన్ని కాబట్టి నాకు ఆ ఒక్క మాటా తెలిసి ఉంటుందని వాళ్ల నమ్మకం. నాకూ ఒకప్పుడు ఆ నమ్మకం ఉండేది. దాంతోనే ఒక మనిషిని కోతకు పంపే కాగితం మీద సంతకం పెట్టాను. ఆ సంగతి ఫోన్లో చెబితే పూర్తిగా వినరు, వాళ్లకు బయట పేషెంట్లు కూర్చుని ఉంటారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాది ఒక ట్రస్టు ఆసుపత్రి. ప్రొద్దుటూరులో పెద్ద భవనం, జమ్మలమడుగులో, పులివెందులలో వారానికొక రోజు తెరిచే చిన్న క్లినిక్కులు. ఎముకల డాక్టరు ఒకరు. ఫిజియోథెరపీకి నేను, నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడైన ఒక సహోద్యోగి. మా ముగ్గురికీ మడమ నొప్పి విషయంలో మూడు మతాలు ఉండేవి.

డాక్టరుగారిది సూది మతం. చెయ్యి మంచిది, మాట తక్కువ. ఏడుస్తూ వచ్చినవాళ్లకు మడమలో స్టెరాయిడ్ సూది వేసి, వారం తర్వాత వాళ్లు నవ్వుతూ వస్తే మా వైపు ఒకసారి చూసేవారు, అంతే. మూడు నెలల తర్వాత అదే మనిషి మళ్లీ కుంటుతూ వచ్చినప్పుడు మాత్రం మా వైపు చూసేవారు కాదు.

మా సహోద్యోగిది మిషన్ మతం. కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు. మా మాట మోటుగా ఉంటుందని మొదటి ఏడాదంతా భయపడి, రెండో ఏడాది అలవాటుపడ్డాడు. షాక్‌వేవ్ మిషన్ కొనిపించింది అతనే. మడమ మీద టకటకా దెబ్బలు వేసి, లోపల మొద్దుబారిన పొరను మేలుకొలిపి, మానేలా చేసే యంత్రం అది. దానికి గుడ్డ కప్పేవాడు, దసరాకు బొట్టు పెట్టేవాడు, నన్ను మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు.

నాది వ్యాయామ మతం. ఖర్చులేని వైద్యం కాబట్టి గౌరవం లేని వైద్యం. పొద్దున మంచం దిగకముందే కాలి వేళ్లను చేత్తో వెనక్కి లాగి అరికాలు సాగదీయడం, గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయడం, ఫ్రీజర్లో గడ్డకట్టిన నీళ్ల సీసాను సాయంత్రం అరికాలి కింద దొర్లించడం, చెప్పుల్లో మడమ కింద మెత్తటి సిలికాన్ ప్యాడ్లు పెట్టుకోవడం. ఇవి చెప్పినప్పుడు పేషెంట్లు నా ముఖంలోకి జాలిగా చూసేవాళ్లు. ఇంత చదువూ ఇందుకేనా అన్నట్టు ఉండేది ఆ చూపు.

ఈ మూడింటిలో ఏది మేలో తేల్చేద్దామని నాకు బుద్ధి పుట్టింది. కడపలో మావాళ్ల సమావేశం ఉంది, అందులో నన్ను మాట్లాడమన్నారు. సర్వీసు చివరికొచ్చింది, పోయేముందు నాలుగు చప్పట్లు వింటే పోలా అనిపించింది. ముగ్గురం కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. ప్రొద్దుటూరుకు వచ్చినవాళ్లకు మిషన్, జమ్మలమడుగుకు వచ్చినవాళ్లకు సూది, పులివెందులకు వచ్చినవాళ్లకు నా వ్యాయామాలు. మిషన్ బస్సులో పట్టదు, డాక్టరుగారు జమ్మలమడుగు దాటి రారు, కాబట్టి ఈ పంపకంలో శాస్త్రం కంటే బస్సు రూటే ఎక్కువ ఉందని ఒప్పుకుంటాను.

నేనొక కార్డు తయారుచేసి అచ్చు వేయించాను. నొప్పి ఎప్పుడు మొదలైంది, పొద్దున మొదటి అడుగుకు ఎంత, ప్యాడ్లు రోజూ వాడుతున్నారా, ఇంట్లో వట్టికాళ్లతో తిరుగుతారా, ఇలా పదిహేను ప్రశ్నలు. ఆ కార్డు చూసి డాక్టరుగారు కూడా బాగుందన్నారు. ఆయన నోట ఆ మాట రావడం అరుదు, రెండు రోజులు ఆ ఊపులో ఉన్నాను.

రెండు నెలలకే నా శాస్త్రం బస్టాండు పాలయింది. సింహాద్రిపురం నుంచి వచ్చే ఒక చీనీ (బత్తాయి) తోట రైతు మంగళవారం పులివెందులలో నా దగ్గర వ్యాయామాలు నేర్చుకుని, గురువారం జమ్మలమడుగులో సూది వేయించుకుని, శనివారం ప్రొద్దుటూరులో మిషన్ కింద కాలు పెట్టాడు. మూడు చోట్లా మూడు కార్డులు. ఇదేంది అప్పా అని అడిగితే, మూడూ మీవే కదా, ఏది పనిచేస్తే ఏంది మీకు అన్నాడు. ఆయనకు నొప్పి తగ్గింది. దేనివల్ల తగ్గిందో ఆయనకు అక్కర్లేదు, మాకు తెలిసే దారి లేదు. వేముల నుంచి, కమలాపురం నుంచి వచ్చినవాళ్లదీ అదే వరస. తోటకు మందు కొట్టేటప్పుడు మూడు రకాలు కలిపి కొడతారు, మడమకు మాత్రం ఒకటే అంటే వింటారా?

అలాంటి గందరగోళంలో నాకు దొరికిన ఆణిముత్యం ఆమె.

ప్రొద్దుటూరు మనిషి. నలభై దాటిన వయసు. ఒక పెద్ద బట్టల అంగడిలో పట్టుచీరలు చూపించే పని. భర్త మగ్గం పని పోయాక ఇంట్లో నిలకడగా సంపాదించేది ఆమె ఒక్కతే. ఎడమ మడమ నొప్పి. చెప్పింది చెప్పినట్టు చేసే పేషెంటును నా సర్వీసులో అంతకుముందు చూడలేదు. ఊళ్ల పంపకం అప్పటికే చెడింది కాబట్టి ముందు ఆరు వారాలు వ్యాయామాలన్నాను, ఆరు వారాలూ చేసింది. ఎలా చేస్తున్నావో చూపించమంటే నాకంటే బాగా చేసి చూపించింది. తగ్గలేదు. మిషన్ దగ్గరికి పంపాను. వారానికొకసారి వచ్చి పళ్లు బిగబట్టి కూర్చుంది. తగ్గలేదు. డాక్టరుగారు సూది వేశారు. పది రోజులు హాయిగా ఉండి మళ్లీ మొదలైంది. రెండో సూదికి అదే కథ. మూడోది వేయడానికి ఆయనే ఒప్పుకోలేదు, మాటిమాటికీ వేస్తే మడమ కింది మెత్తటి కొవ్వు అరిగిపోతుందని.

ఈ ఐదు నెలల్లో ఆమె ఒక్కసారి కూడా ఒక మందు మధ్యలో ఇంకొకటి కలపలేదు. వరస తప్పలేదు. కార్డులో ప్రతి గడీ నిండి ఉంది. ప్యాడ్లు రోజూ వాడుతున్నారా అన్న చోట ప్రతిసారీ అవును. ఇంట్లో వట్టికాళ్లతో తిరుగుతారా అన్న చోట ప్రతిసారీ లేదు. ఇంటి లోపల కూడా మెత్తటి చెప్పులు వేసుకుంటోందట, వాళ్ల అత్త గొణిగినా వినకుండా. నిజం చెప్పాలంటే ఆమె నొప్పి తగ్గనందుకు బాధపడ్డానో, ఇంత శుభ్రమైన కార్డు చేతికొచ్చినందుకు సంతోషపడ్డానో నాకే తెలియదు. సంతోషమే ఎక్కువని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆమె పట్టుదల అంతా ఎక్స్‌రే మీద ఉండేది. మడమ ఎముక కింద చిన్న ముల్లులాగా ముందుకు పొడుచుకొచ్చిన భాగం అందులో తెల్లగా కనిపిస్తుంది. ముల్లు కనిపిస్తోంది కదా, తీసేస్తే పోతుంది కదా అని ఆమె వాదన. నొప్పి చాలావరకు ఆ ముల్లుది కాదు, అరికాలి వెంట సాగే పట్టీలాంటి పొర మడమను అంటుకునే చోట వాచినందువల్ల వస్తుంది, ముల్లు ఉండి నొప్పి లేనివాళ్లు ఊరినిండా ఉన్నారు అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. చివరికి రుజువు చూపిద్దామని ఆమె రెండో కాలికీ ఎక్స్‌రే తీయించాను. అనుకున్నట్టే నొప్పిలేని కుడి మడమలో ఇంకా పెద్ద ముల్లు ఉంది. నేను గెలిచినదానిలాగా రెండు ఫిల్ములూ వెలుతురుకు పట్టి చూపించాను. ఆమె చాలాసేపు చూసి, అయితే ఈ కాలికి గూడ చేయల్లా మ్యాడం అని అడిగింది.

ఇంతలో అంగడి యజమాని మాట చెప్పేశాడు. శ్రావణం వస్తే పట్టుచీరల దగ్గర ఊపిరాడదు, అప్పటికి సరిగ్గా నిలబడగలిగితే సరే, లేకుంటే ఆ చోటు ఇంకొకరికి ఇస్తానని. ఆమె వచ్చి డాక్టరుగారి ముందు కూర్చుని ఆపరేషన్ రాయించమంది. ఆయన తిరుపతిలో తనకు తెలిసిన సర్జన్‌కు ఉత్తరం రాశారు. కోతలేని వైద్యాలన్నీ సక్రమంగా ఇచ్చాం, ఏదీ పనిచేయలేదు అని. కింద ముగ్గురం సంతకాలు పెట్టాం. కాలు కోస్తే కొన్ని వారాలు కింద పెట్టకూడదు, మళ్లీ రోజంతా నిలబడడానికి నెలలు పడుతుంది, అప్పటికీ నిలబడగలుగుతుందని ఎవరూ పూచీ ఇవ్వరు, శ్రావణం అయిపోయేది కూడా ఆ నెలల్లోనే. ఆమెకు అది తెలుసు. ఎట్లయినా పోయేదే కదా మ్యాడం, కోసుకుంటే వచ్చే ఏడాదికైనా నిలబడతా అంది. వచ్చే సోమవారం పొద్దున బస్సు. ఆ ముందరి శనివారం నేను చీర కొనడానికి వెళ్లాను.

జమ్మలమడుగులో మా చిన్నాన్న మనవరాలి పెళ్లి. చర్చిలో పెళ్లంటే మావాళ్లు ముందు వరస చీరలు చూశాకే పాదిరిగారి వైపు చూస్తారు. చీరలకు పేరుపడ్డ ప్రొద్దుటూరులో ఉంటూ మామూలు చీరలో వెళితే నన్ను పెళ్లయ్యేదాకా వదలరు. అంగడి గడప దగ్గర చెప్పులు విడిచి, వాచ్‌మన్ దగ్గర టోకెన్ తీసుకుని పై అంతస్తుకు వెళ్లాను. ఆమె అక్కడ పనిచేస్తుందని తెలుసు కాబట్టి పలకరించినట్టూ ఉంటుంది, తగ్గింపు దొరికినా దొరుకుతుంది అనుకున్నాను.

నన్ను చూడగానే ముఖం విప్పారింది. కుర్చీ వేయించింది, నీళ్లు తెప్పించింది. తను కౌంటరు వెనక నిలబడి చీర మీద చీర పరిచింది. నేను కుర్చీలో వెనక్కి వాలి, ఇది ముదురు, అది లేత, ఇంకొకటి తియ్యి అంటూ కూర్చున్నాను. అరగంట తర్వాత ఒక జరీ చీర జారి కౌంటరు పక్కన కింద పడింది. నా వైపే పడింది కాబట్టి నేనే వంగాను. ఆ వంగడంలో కౌంటరు వెనక ఆమె పాదాలు కనిపించాయి.

వట్టి పాదాలు. కింద నల్లగా మెరిసే కడప బండ. ఏసీ చలికి అది నా అరికాలికే చురుక్కుమంటోంది. ఎడమ మడమ నేలకు ఆననివ్వకుండా వేళ్ల మీద ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. ఆ కాలు సన్నగా వణుకుతోంది. పైన మాత్రం ముఖంలో నవ్వు అలాగే ఉంది, చేతులు చీర మడతపెడుతున్నాయి.

"ప్యాడ్లు ఏవి?" అన్నాను.

"చెప్పుల్లో ఉండాయి మ్యాడం."

"చెప్పులేవి?"

"కింద వాచ్‌మన్ దగ్గర. మీవి ఉండేది గూడ ఆడనే కదా."

రోజూ వాడుతున్నావని ఐదు నెలలుగా రాసుకున్నానే అన్నాను. వాడుతూనే ఉందట. ఇంటి నుంచి అంగడికి, అంగడి నుంచి ఇంటికి. ఇల్లు ఎంత దూరం అని అడిగాను. ఈ సందు దాటితే మా ఇల్లే అంది.

పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా బండ మీద వట్టికాళ్లతో నిలబడుతుంది. కూర్చోవడానికి వీల్లేదు, భోజనానికి అరగంట తప్ప. మా మెత్తటి ప్యాడ్లు ఆమె మడమ కింద ఉండేది రోజుకు పది నిమిషాలు. మిగతా సమయమంతా అవి వాచ్‌మన్ దగ్గర గూట్లో విశ్రాంతి తీసుకుంటున్నాయి. పొద్దున నా వ్యాయామం కాస్త సవరిస్తే పగలంతా బండ దాన్ని చెడగొట్టేది. మిషన్ కొట్టిన దెబ్బలూ అంతే, సూదీ అంతే. ముగ్గురం కలిసి ఐదు నెలలు ఆ బండతో పోటీ పడి ఓడిపోయాం, అది అక్కడ ఉందని కూడా తెలియకుండా.

ప్రొద్దుటూరులో పుట్టి పెరిగిన ఏ పిల్లను అడిగినా చెబుతుంది, బట్టల అంగడిలోకి చెప్పులతో పోరని. బట్ట అంటే లక్ష్మి. నాకు తెలియదా? నా చెప్పుల టోకెన్ నా చేతిలోనే ఉంది. అయినా నా కార్డులో రాసింది ఇంట్లో వట్టికాళ్లతో తిరుగుతారా అని. ఆడవాళ్లు వట్టికాళ్లతో తిరిగేది ఇంట్లోనే అనుకున్నాను కాబోలు, ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసిన ఆడదాన్ని నేనే అయ్యుండి.

సోమవారం తిరుపతికి పోవద్దు అని అక్కడే చెప్పాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఆమె నవ్వు పోయింది. చీర మడత ఆపి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఐదు నెల్లు మీరు చెప్పినట్టల్లా చేసినా మ్యాడం. లాగమంటే లాగినా, సూది అంటే కాలు పెట్టినా. ఇప్పుడు ఊరికి పొయ్యేకి అంతా సిద్ధం చేసుకున్యాక వద్దంటాండారు. ఈ తూరి గూడ తగ్గకపోతే నా చోటు పోతాది. మీకేం పోతాది?"

నాకేమీ పోదు. అదే మాట ఆమెతో అన్నాను. శ్రావణానికి ఇంకా ఏడెనిమిది వారాలు ఉంది, ఆ లోపల తగ్గకపోతే నేనే వెంటబెట్టుకుని తిరుపతికి తీసుకుపోతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు, కాదనలేదు. ముందు మా సేటును అడగండి అంది.

యజమాని కింది అంతస్తులో తెల్లటి పరుపు మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నాలుగు తరాల బట్టల వ్యాపారం. మర్యాద తెలిసిన మనిషి. నేను సంగతి చెప్పగానే రెండు చేతులూ జోడించాడు.

"మ్యాడం, మీరు చదువుకున్యోళ్లు. లక్ష్మి దగ్గర చెప్పులేసుకొని నిలబడమంటారా? నేను గూడ వట్టికాళ్లతోనే ఉండా, సూడండి."

చూశాను. పరుపు మీద మఠం వేసుకున్న పాదాలు మెత్తగా, గులాబీ రంగులో ఉన్నాయి.

చెప్పులు వద్దు, ఆమె నిలబడే చోట మెత్తగా ఏదైనా పరిచి, ఒక కుర్చీ వేయండి చాలన్నాను. ఒకరికి వేస్తే అందరూ అడుగుతారన్నాడు. కస్టమరు నిలబడి ఉంటే పనిమనిషి కూర్చోవడం బాగుండదన్నాడు. వాళ్ల నాయన కాలంలో అందరూ పరుపుల మీద కూర్చునే అమ్మేవాళ్లట, కొనేవాళ్లూ కూర్చునేవాళ్లట. ఇప్పుడు షోరూం మాదిరి ఉండాలని జనం కోరుతున్నారు, నేనేం చేసేది అన్నాడు. ఆ పాత పరుపులు ఏమయ్యాయని అడిగాను. గోడౌన్లో ఉన్నాయట. పారేయడానికి చేతులు రాలేదట, నాయన కూర్చున్నవి కదా.

ధర్మం మాట్లాడితే పని జరిగేలా లేదని వ్యాపారం మాట్లాడాను. ఆమె సోమవారం తిరుపతికి పోతే శ్రావణంలో మీకు ఉండదు. పై అంతస్తులో ఏ చీర ఏ అరలో ఉందో ఆమెలాగా చెప్పగలిగేవాళ్లు ఇంకెవరున్నారు అని అడిగాను. ఆయన పైకి చూశాడు. తర్వాత ఒక మనిషిని పిలిచి గోడౌన్ తాళం ఇచ్చాడు.

వాళ్ల నాయన పరుపును సగానికి మడిచి కుట్టించి ఆమె కౌంటరు వెనక పరిచారు. కుర్చీ మాత్రం ఇవ్వలేదు. ప్యాడ్లకు నేనొక ఉపాయం చెప్పాను. కొత్త మేజోళ్లలో వాటిని పెట్టుకుని, అంగడి లోపలే తొడుక్కుని, లోపలే విప్పాలి, గడప దాటించకూడదు. వీధి తొక్కని మేజోడుకు దోషం ఉందా లేదా అని ఆయన చాలాసేపు ఆలోచించి, లేదని తీర్పు ఇచ్చాడు. ఆ రోజు నేను కొన్న చీరకు తగ్గింపు అడగడం మరిచిపోయాను.

అదే సాయంత్రం డాక్టరుగారి దగ్గరికి వెళ్లి ఉత్తరం వెనక్కి తీసుకుందామన్నాను. పరుపేస్తే ముల్లు కరిగిపోతాదా అన్నారు. కరగదు, మన ఉత్తరంలో రాసింది అబద్ధం, సక్రమంగా ఇచ్చామని రాశాం, సక్రమంగా ఇవ్వలేదు, తప్పు నా కార్డుదే అన్నాను. ఆ మాట అనడానికి మెట్ల మీద రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఆయన తిడతారనుకున్నాను. ఆయన ముఖం తేటపడింది.

"అంటే సూది పనిచేయలేదని చెప్పేకి లేదన్నమాట," అన్నారు.

అక్కడే ఉన్న మా సహోద్యోగి ఇంకా నిజాయితీపరుడు. హమ్మయ్య, అయితే మిషన్ తప్పేం లేదండీ అని పైకే అనేశాడు. నాలోపల కూడా అలాంటి మాటే ఒకటి కదిలింది, నా వ్యాయామాలు ఓడిపోలేదని. ఒక మనిషి ఐదు నెలలు అనవసరంగా నొప్పి భరించిందని తెలిసిన ఆ గదిలో ముగ్గురం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం. మన వృత్తిలో ఇది జరుగుతుంటుంది, మీకూ జరుగుతుంది. జరిగినప్పుడు కనీసం గుర్తుపట్టండి.

సోమవారం బస్సు ఆమె లేకుండానే వెళ్లింది. ఆమెకు నా మీద నమ్మకం కలిగి ఆగిందని చెప్పలేను. సేటు పరుపు వేయించాడు కాబట్టి, ఆయన మాట తీసేయలేక ఆగింది. మొదటి రెండు వారాలు ఏ మార్పూ లేదు. నాకు నిద్ర సరిగ్గా పట్టేది కాదు. వ్యాయామాలు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టించాను, ఇంటికి పోయాక సీసా దొర్లించమన్నాను. పరుపు మీద నిలబడడానికి మిగతావాళ్లు కూడా వంతులు వేసుకుంటున్నారని, తనకు పూటలో సగమే దొరుకుతోందని ఆమె చెప్పినప్పుడు వెళ్లి సేటుతో ఇంకొక పరుపు తీయించాను. మూడో వారం చివర పొద్దున మొదటి అడుగు కొంచెం మేలు అంది. ఆ కొంచెం అన్న మాటను కార్డులో రాసి కింద గీత గీశాను.

శ్రావణం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం ముందు మూడు రోజులు ఆమె పద్నాలుగు గంటల చొప్పున నిలబడింది. నేను ఆ మూడు రోజులూ ఫోన్ దగ్గర పెట్టుకుని తిరిగాను. నాలుగో రోజు ఆసుపత్రికి వచ్చి నడుము నొప్పి అంది. మడమ సంగతి అడిగితే, అదా, సాయంత్రం కొంచెం నొస్తాది మ్యాడం అంది. ఆ నడుము నొప్పి చూసి ఆనందించిన ఫిజియోథెరపిస్టును నేనొక్కదాన్నే అయ్యుంటాను. చోటు పోలేదు. సేటు పై అంతస్తంతా ఆమె చేతికే అప్పగించాడు.

కడప సమావేశంలో మాట్లాడాను. ఏది మేలో తేలలేదని చెప్పాను. చప్పట్లు ఎక్కువ రాలేదు. చాలామందికి ఏ వైద్యం చేసినా, చేయకపోయినా, కొన్ని నెలలకు తగ్గుతుంది, తొందరపడి కోయించకండి, సూది అవసరపడితే ఒకటీ రెండూ, మిషన్ మొండి నొప్పికి, వ్యాయామం అందరికీ, వీటన్నింటికంటే ముందు ఆ మనిషి రోజంతా ఎక్కడ, దేని మీద నిలబడుతుందో వెళ్లి చూడండి అన్నాను. ఆ చివరి మాటకు ముందు వరసలో ఒకాయన గడియారం చూసుకున్నాడు. ఆమె మడమ దేనివల్ల తగ్గింది అని మా ఆసుపత్రిలో అడిగితే మూడు జవాబులు వచ్చేవి. సూది ప్రభావం నెమ్మదిగా పనిచేసిందని డాక్టరుగారు. మిషన్ ఫలితం ఆలస్యంగానే కనపడుతుందండీ అని మా సహోద్యోగి. నా జవాబు మీకు తెలుసు.

దీపావళి అయ్యాక ఆమె చివరిసారి వచ్చింది. కార్డు మూసేయాలి. కొత్తగా అచ్చు వేయించిన కార్డు ఆమెకు చూపించాను. ఇంట్లో అన్న ప్రశ్న కొట్టేసి, పగలంతా ఎక్కడ నిలబడతారు, అప్పుడు కాళ్లకు ఏముంటాయి అని మార్చాను. ఆమె చదివి బాగుంది మ్యాడం అంది. అప్పుడు అడిగాను. ఐదు నెలలు వచ్చావు కదమ్మా, అంగడిలో వట్టికాళ్లతో నిలబడతానని ఒక్కసారి నోరు తెరిచి చెప్పి ఉండొచ్చు కదా అని. నా గొంతులో కొంచెం నిష్ఠూరం కూడా ఉంది.

ఆమె ఆశ్చర్యపోయింది.

"చెప్పేకేముంది మ్యాడం, మీకు తెలుసు అనుకున్యా. నేను ఈడికి రాకముందే మీరు రెండు తూర్లు మా అంగడికి వచ్చి నా దగ్గర్నే చీరలు తీసుకున్యారు. రెండో తూరి గంటన్నరసేపు నిలబడి చూపిచ్చినా. మొదటి రోజు ఈ గదిలోకి వస్తానే నేను మిమ్మల్ని గుర్తుపట్టినా."

ఏ చీరలు అని అడిగాను. ఒకటి వంకాయ రంగుకు ఆకుపచ్చ అంచు, ఇంకొకటి తేనె రంగు, చిన్న మామిడి పిందెల జరీ అని చెప్పింది. ఏ అరలోంచి తీసిందో కూడా చెప్పింది. రెండూ ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. తేనె రంగు చీర కట్టుకున్న ఆదివారం చర్చిలో దాన్ని ఎవరెవరు మెచ్చుకున్నారో నాకు పేరు పేరునా గుర్తుంది. అది నా ముందు పరిచిన మనిషి ముఖం గుర్తు చేసుకుందామని ఆమె ఎదురుగానే కూర్చుని ప్రయత్నించాను. రాలేదు.

కార్డు మీద నయమైంది అని రాసి సంతకం పెట్టాను. తలెత్తి ఆమె ముఖంలోకి చూడడానికి మాత్రం కొంచెం సమయం పట్టింది.